దిద్దితే దొరికిపోయే చిట్టా

కిరాణా కొట్లో ఖాతా పుస్తకం మీరు చూసే ఉంటారు. ఎవరి బాకీ ఎంతో అందులో రాసి ఉంటుంది. కాని ఆ పుస్తకం ఉండేది కొట్టు యజమాని దగ్గరే కదా! అతడు 250ని 260గా దిద్దితే మీరెలా రుజువు చేస్తారు?

ఈ చిక్కు పాతదే. పూర్వం వెనిస్ వర్తకులు ప్రతి లావాదేవీని రెండు ఖాతాల్లో రాసేవారు: ఒకదానిలో ఖర్చు, మరొకదానిలో జమ. ఈ జంటపద్దు విధానాన్ని లూకా పాచియోలీ అనే గణితవేత్త 1494లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు. రెండు వైపుల మొత్తాలూ సరిపోకపోతే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. అయితే రెండు వైపులా ఒకేలా దిద్దేవాణ్ణి ఇది పట్టుకోలేదు. ఆ పని చేసేదే బ్లాక్‌చెయిన్. అంటే పుటలను గొలుసుకట్టుగా ముడివేసిన చిట్టా అన్నమాట.

ఆ ముడి ఎలా పడుతుంది? కాగితం, పెన్సిలు తీసుకోండి. మొదటి పుట మొత్తం 250. దాన్ని 97తో భాగిస్తే శేషం 56. ఇది ఆ పుట ‘ముద్ర’. రెండవ పుట మొత్తం 400. దానికి 56 కలిపి 97తో భాగిస్తే శేషం 68. మూడవ పుటలోని 125కి 68 కలిపి భాగిస్తే శేషం 96. ఇప్పుడు 250ని 260గా దిద్దండి. ముద్రలు వరుసగా 66, 78, 9 అవుతాయి. చూశారా! దిద్దింది ఒక్క పుట, మారినవి మూడు ముద్రలు.

మన లెక్కను మోసగించడం తేలికే. 250 బదులు 347 రాసినా శేషం 56 వస్తుంది. అందుకే బిట్‌కాయిన్‌లో ఎస్‌హెచ్‌ఏ-256 అనే జటిలమైన గణిత ప్రక్రియను వాడతారు. వేరొక పుట రాసి అదే ముద్ర రప్పించడం నేటి కంప్యూటర్లకు అసాధ్యం.

సతోషీ నకమోటో అనే మారుపేరుతో 2008లో వెలువడిన వ్యాసం బిట్‌కాయిన్‌కు పునాది. దాని మొదటి పుట తేదీ 2009 జనవరి 3. సగటున 10 నిమిషాలకొక పుట చేరుతుంది. చిట్టా నకళ్ళు వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. పుట చేర్చడానికి కంప్యూటర్లు ఎంతో లెక్క చేయాలి. పాత పుటను దిద్దినవాడు ఆ తర్వాతి పుటలన్నింటికీ ఆ శ్రమంతా మళ్ళీ పడాలి, మిగతా అందరినీ మించిపోవాలి.

మరి నిజంగానే పొరపాటు జరిగితే? మంచి గుమాస్తా పాత పద్దును చెరపడు, సవరణ పద్దు కొత్తగా రాస్తాడు. ఇక్కడా అంతే.

ఒక్కటి మరవకండి. గిడ్డంగికి 90 బస్తాలు వస్తే 100 అని రాశారనుకోండి. గొలుసు ఆ అబద్ధాన్ని కూడా భద్రంగా దాస్తుంది. రాసినదాన్ని మార్చనివ్వకపోవడమే దాని పని. బస్తాలు సరిగా లెక్కపెట్టడం మాత్రం మనిషి పనే!