భాస్కరనామధారులు

ఒక్క పేరు పలువుర కుండుటచే గ్రంథకర్తృత్వనిర్ణయమునఁ గలుగు చిక్కులకు భాస్కరనామము చక్కని తార్కాణము. జ్యోతిషమునందే యిరువురు గలరు. ఆర్యభటీయమునకు క్రీ. శ. 629లో భాష్యము వ్రాసినవాఁ డొకఁడు. 1114లో జన్మించి, 36వ యేట సిద్ధాంతశిరోమణిని రచించినవాఁడు వేఱొకఁడు. లీలావతి యీ రెండవవానిదే. బ్రహ్మసూత్రములకు భేదాభేదపరముగా భాష్యము రచించిన భాస్కరుఁడు వీరిరువురికంటె నన్యుఁడు.

తెలుఁగునఁ జిక్కు మఱింత గట్టిది. తిక్కనసోమయాజి తాత మంత్రిభాస్కరుఁడు గుంటూరి యధికారమున నుండిన యమాత్యుఁడు. తిక్కన యుత్తరకాండమును మాత్రమే నిర్వచనముగా రచించుటకుఁ బూర్వకథను దాతయే తెనిఁగించి యుండుట కారణమని కొందఱూహించి, భాస్కరరామాయణమును మంత్రిభాస్కరునకుఁ గట్టిపెట్టిరి. ఊహ యింపైనదే, కాని యా గ్రంథము సాహిణి మారున కంకితము. మారుఁడు కాకతీయ ప్రతాపరుద్రుని (1289–1323) కాలమువాఁడు. తిక్కనయే యంతకు ముందటితరమువాఁడు. తాత యింకను వెనుకటివాఁడు. కృతిపతి పుట్టకమున్నే కృతి యీఁబడుట పొసఁగదు. కావున నందలి భాస్కరుఁడు హుళక్కి భాస్కరుఁడే. ఆతని కుమారుఁడు మల్లికార్జునభట్టును, కుమారరుద్రదేవుఁడును, అయ్యలార్యుఁడును గూడ నా రచనయందుఁ బాలుగొనిరి.

భాస్కరశతకమునుగూర్చియు బడిపిల్లలు పొరపడుచుందురు. అందు భాస్కరుఁడు సంబోధ్యుఁడే కాని కర్త కాఁడు; కర్త మారన వేంకయ్య.