కూలర్ పెట్టేవాళ్లకు పని ఇచ్చేముందు

ఎండాకాలం వస్తే మా కోలారు పక్క పురుగుల షెడ్లకి కూలర్లు, ఫాగర్లు పెడతామని తిరిగేవాళ్లు ఎక్కువ. షెడ్డు కొలవకుండా రేటు చెప్పేవాడిని నమ్మొద్దండి. ఇద్దరు ముగ్గురి దగ్గర రాతలో తీసుకోండి. మోటారు, పైపులు, వైరింగ్ విడివిడిగా రాయమనండి. తక్కువ రేటు చీటీలో చాలాసార్లు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండదు.

అదే ముఖ్యం. చాకీకి 26-28 డిగ్రీలు, 80-90 శాతం తేమ కావాలి. నాలుగో జ్వరం లేచాక 24-25 డిగ్రీలు, 70 శాతం చాలు. ఫాగర్ చల్లదనంతో పాటు తేమా పెంచుతుంది, గాలి ఆడకపోతే సున్నపుకట్టు రోగం పట్టి పంటే పోతుంది. ఈ లెక్క తెలుసా అని అడగండి, ఏసీ మెకానిక్కులకు చాలామందికి తెలీదు.

పంట మధ్యలో పాడైతే ఎన్ని గంటల్లో వస్తాడో, ఆఖరి డబ్బులు గూళ్లు దించాకేనని రాయించండి. నేనడిగిన ముగ్గురిలో ఒక్కడే ఒప్పుకున్నాడు, పని ఆయనకే ఇచ్చాను.