సైనిక సాంకేతిక శిక్షణ – ఇంటివారి పాత్ర

ఇంటర్మీడియెట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివిన మన విద్యార్థులలో కొందరు ఏటేటా సైనిక సేవల వైపు దృష్టి సారిస్తున్నారు. ఎంపిక పరీక్షలకు ఎట్లు సిద్ధపడవలెనో చెప్పే పుస్తకాలు అంగళ్లలో గుట్టలుగా ఉన్నవి. ఎంపికైన పిదప, శిక్షణ సాగే నెలలలో, తల్లిదండ్రులు ఏమి చేయవలెనో చెప్పేవి అరుదు. మా ఎరుకలో శిక్షణ నడుమ తడబడిన పిల్లలలో చదువు రానివారు తక్కువ. ఇంటినుండి తగిన మాట తగిన వేళకు అందనివారే ఎక్కువ. అందుచేత ఈ వ్యాసం విద్యార్థులతోపాటు వారి ఇంటి పెద్దలను కూడా ఉద్దేశించి వ్రాస్తున్నాము.

మొదట మార్గాలు తెలిసికొనవలెను. సైన్యంలో సాంకేతిక అధికారి కాగోరు యువకునికి ఇంటర్మీడియెట్ తరువాత టెక్నికల్ ఎంట్రీ స్కీము కలదు. 2024 జనవరినుండి ఇది నాలుగేండ్ల శిక్షణ. మూడేండ్లు పూణే, మహూ, సికింద్రాబాదులలోని సైనిక ఇంజనీరింగు విద్యాలయాలలో ఒకదానియందు, చివరి ఏడు డెహరాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో గడుస్తుంది. సిపాయిగానో నావికునిగానో చేరువారికి 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం వర్తిస్తుంది. మన గోలకొండలోని ఆర్టిలరీ సెంటరులో అగ్నివీరులకు పది వారాలు ప్రాథమిక శిక్షణ, ఇరువదియొక్క వారాలు వృత్తి శిక్షణ. నౌకాదళంలో చేరినవారు ఒడిశాలోని చిల్కాకు వెళ్తారు. ఆపైన యంత్రశాఖ వారు లోనావ్లాలోని శివాజీకి, విద్యుచ్ఛాఖ వారు జామ్‌నగర్‌లోని వల్సూరాకు పోవలసి ఉంటుంది. 2023 మార్చిలో చిల్కానుండి శిక్షణ ముగించుకొని వెలువడిన తొలి అగ్నివీర్ జట్టులో 273 మంది ఆడపిల్లలు ఉన్నారు. కనుక ఇచ్చట 'కుమారుడు' అని మేము వ్రాసినచోట్ల కుమార్తె అని కూడా చదువుకొనవచ్చును.

ఈ శిక్షణ కఠినమైనదని అందరూ అంటారు. ఎందుచేత కఠినమో ఆలోచించేవారు కొందరే. పరుగు ఒక్కటే అయితే పల్లెటూరి పిల్లవానికి అది లెక్కలోనిది కాదు. పాఠం ఒక్కటే అయితే మన కళాశాల విద్యార్థికి కొత్త కాదు. రెండును ఒకే దినంలో, ఒకే దేహంపై పడుటలోనే కష్టమంతా ఉన్నది. తెల్లవారకముందే లేచి, పరుగు, వ్యాయామం, కవాతు ముగించి, బూటు మెరపెట్టి, పరుపు సర్ది, ఆ అలసటతోనే తరగతిలో కూర్చుండి ఇంజను భాగాలో, రేడియో పరికరంలోని వలయమో నేర్చుకొనవలెను. కన్ను మూతపడితే శిక్ష. వారాంతపు పరీక్షలో తప్పితే మరల వ్రాయవలెను. పలుమార్లు తప్పినవానిని వెనుక వచ్చే జట్టులో కలుపుతారు. దీనిని రెలిగేషన్ అంటారు. తనతో చేరినవారు ముందుకు సాగిపోగా తాను నిలిచిపోవుట యువకునికి చెప్పరాని అవమానంగా తోస్తుంది. ఆ సంగతి ఇంటికి తెలిసినప్పుడు తండ్రి పలికే మొదటి వాక్యం ఎంతో విలువైనది. "పక్కింటివాని కొడుకు దాటినాడే!" అన్న తండ్రి ఆ ఒక్క మాటతో పిల్లవాని ముందు తలుపు మూసినట్లే. ఆరు నెలలు ఆలస్యంగా అధికారియైనవాడును అధికారియే గదా!

భాష సంగతి మన కళాశాలకు ప్రత్యేకంగా పట్టవలసినది. శిక్షణస్థలంలో ఆజ్ఞలు హిందీలో, సాంకేతిక పాఠాలు హిందీ ఇంగ్లీషుల కలగలుపులో సాగుతాయి. ఉర్దూ మాధ్యమంలో చదివినవానికి సావధాన్, విశ్రామ్, పీఛే ముడ్ అను మాటలు వినగానే బోధపడతాయి. ఉస్తాదుతో సంభాషణ సులభం. కాని టార్క్, గేర్ రేషియో, రెసిస్టెన్స్ అనగానే తడబడతాడు. తెలుగు మాధ్యమంవానికి రెండును అడ్డే. ఎంపిక ఫలితానికి, చేరే దినానికి నడుమ తరచు కొన్ని నెలల విరామం దొరుకుతుంది. ఆ నెలలను విందులకు వెచ్చించక, ఇంగ్లీషు సాంకేతిక పదాలతో భౌతికశాస్త్రం పునశ్చరణ చేయించుట మేలు. కళాశాల కమిటీ వారు సాయంకాలం వేళ ఒక గది, ఒక అధ్యాపకుని సమకూర్చినచో ఇది పెద్ద వ్యయం కాదని మా విన్నపం.

ఆ విరామంలోనే మరియొక పొరపాటు జరుగుతున్నది. ఎంపికకు 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసినవాడు, ఎంపిక కాగానే సాధన మానివేస్తాడు. తరువాత ఒక్కసారిగా బరువైన బూట్లతో గంటల తరబడి కవాతు చేయగా కాలి ముంజెముకలో సన్నని పగులు ఏర్పడవచ్చును. వైద్యులు దీనిని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. రెలిగేషన్ భయంతో పిల్లవాడు నొప్పిని దాస్తాడు, పగులు పెరుగుతుంది. ఫోనులో "కాస్త కాలు నొప్పి" అన్నప్పుడు "ఓర్చుకో బేటా" అనుట ప్రేమ కాదు. "ఈరోజే ఎం.ఐ. రూముకు పోయి చూపించుకో, చీటీ భద్రపరచుకో" అనవలెను. చీటీ సంగతి ఊరకే చెప్పుట లేదు. అకాడమీలలో శిక్షణవేళ గాయపడి, అధికారి హోదా రాకముందే వైద్యకారణాలచేత ఇంటికి పంపబడిన కాడెట్ల దుస్థితిని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తనంతట తానుగా విచారణకు స్వీకరించినది. వారికి మాజీ సైనికుల హోదా లేకుండుటే అందులోని ముఖ్యాంశం.

ఇక "నన్ను తీసికొనిపొండి" అను ఫోను. శిక్షణలో సాధారణంగా ఫోను నియమిత సమయాలలోనే చేతికి వస్తుంది. ఆదివారం దొరికిన ఆ పది నిమిషాలలో వారమంతా కూడిన దుఃఖం పొంగివస్తుంది. అమ్మీ ఏడుస్తుంది, అబ్బా మరునాడే రైలెక్కుతాడు. వెంటనే కదలరాదని మా సలహా. పూర్తిగా వినవలెను, నిద్ర, తిండి, దెబ్బ, పరీక్ష – వీటిలో దేనిమీద బాధయో అడిగి తెలిసికొనవలెను, మరుసటి ఆదివారం వరకు ఆగవలెను. ఇంటిబెంగ అయితే చాలమందిలో కొన్ని వారాలకు తగ్గుతుంది. రెండు మూడు వారాలు గడిచినను మాట మందగించుచు, నిరాశ ధ్వనించినచో అది వేరు సంగతి. అప్పుడు పై అధికారికి ఫోనుచేసి చెప్పుట తల్లిదండ్రుల హక్కు. అది పిల్లవానిని చిన్నబుచ్చుట కాదు. అధికారి శిక్షణను తన ఇష్టంతో విడిచినచో ప్రభుత్వం చేసిన వ్యయం తిరిగి చెల్లించవలెనను ఒప్పందం ఉంటుంది. ఆ పత్రం చేరేముందే ఇంటిల్లిపాది చదివి అర్థం చేసికొనవలెను.

మన ఇండ్లలో అడిగే ప్రశ్నలు మరికొన్ని కలవు. రంజాన్‌లో రోజాలెట్లు? రోగికి, బాటసారికి తరువాతి దినాలలో పూర్తిచేసికొనే వెసులుబాటు ఉన్నది; కవాతు దినాలలో ఏమి చేయవలెనో ముందుగానే పెద్దలతో, యూనిట్‌లోని మతబోధకునితో మాట్లాడుకొనుట మంచిది. గడ్డం విషయంలో వైమానిక దళ నిబంధనను 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించినది. నౌకాదళంలో అనుమతితో పెంచుకొనవచ్చును. ఈ సంగతులు రైలెక్కిన తరువాత తేల్చుకొనేవి కావు. హైదరాబాదులో పుట్టి, నిజాం కళాశాలలో చదివి, 1978 నుండి 1981 వరకు భారత వైమానిక దళాధిపతిగా ఉన్న ఇద్రీస్ హసన్ లతీఫ్ మన పెద్దలకు జ్ఞాపకమే.

డబ్బు మాట ఒకటి. అగ్నివీరునికి మొదటి ఏడు నెలకు 30,000 రూపాయలని నిర్ణయించి, అందులో 9,000 నిధికి మినహాయించి 21,000 చేతికి ఇచ్చే విధంగా పథకం ప్రకటించారు. నాలుగేండ్ల తరువాత వచ్చే మొత్తం సుమారు 11.71 లక్షలు, పెన్షన్ లేదు, కొనసాగించేది 25 శాతం వరకే. తక్కినవారు ఇంటికి రావలసినవారే. అట్టి జీతాన్ని చూపి అక్క పెండ్లికి అప్పు చేయుట, ఆ వాయిదాల సంగతి ఆదివారపు ఫోనులో ప్రస్తావించుట, పిల్లవాని వీపుపైని మూటకు మరో రాయి చేర్చుటయే. అతడు నేర్చిన పనికి ధ్రువపత్రం ఏమి లభిస్తుందో, దానితో మునుముందు ఏ చదువు సాధ్యమో విచారించి పెట్టుట తండ్రి చేయదగిన పని.

మొదటి సెలవుకు వచ్చినవాడు రెండు మూడు దినాలు నిద్రపోతాడు. లేపవద్దు. చుట్టాలను పిలువవద్దు. అన్నం మూతపెట్టి ఉంచండి.