తొలి మోటారుసైకిలు

మోటారుసైకిలు కొనదలచిన మీ యింటి యువకుడు మొదట అడుగునది దాని వేగము, అడుగవలసినది బరువు. క్రొత్తవానికి పట్టు తప్పునది ఎక్కువగా బండిని నిలుపునపుడు, త్రిప్పునపుడు. హీరో స్ప్లెండర్ ప్లస్ సుమారు 112 కిలోలుండగా, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సుమారు 195 కిలోలుండును. ఒరిగిన బండిని ఒంటికాలిపై ఆపవలసివచ్చినపుడు ఈ భేదము తెలియును. కావున కొనుటకు ముందే బండిపై కూర్చుండి, రెండు పాదములును నేలకు ఆనుచున్నవో లేవో చూచుకొనవలెను.

పిదప బ్రేకులు. 2019 ఏప్రిల్ నుండి మన దేశమున 125 సీసీ మించిన క్రొత్త బండ్లన్నిటికిని ఏ.బి.ఎస్. తప్పనిసరి. హఠాత్తుగా బ్రేకు వేసినను చక్రము బిగిసి జారకుండుటకు అది తోడ్పడును.

చేతనున్న సొమ్ములో కొంత మిగిల్చి ఐ.ఎస్.ఐ. ముద్రగల హెల్మెట్టు కొనుడు. పెద్ద బండిని పిమ్మటనైన కొనవచ్చును, తలను కొనజాలము.