నలువదియేండ్ల నగరసేవ: పిట్టి త్యాగరాయ చెట్టిగారు

స్థానిక పరిపాలనమనగా నీరు, దీపములు, మురుగు కాలువలు, పాఠశాలలు. ఇందు శ్రమ మెండు, పేరు తక్కువ. త్యాగరాయ చెట్టిగారు 1882 మొదలు సుమారు నలువది సంవత్సరములు చెన్నపురి కార్పొరేషను సభ్యులుగా నుండిరి. తెలుగు దేవాంగుల యింట 1852లో జన్మించిన వీరు వాషర్మన్‌పేటలో చేమగ్గముల కర్మాగారమును నడపిరి. 1916లో జస్టిస్ పార్టీని స్థాపించినవారిలో నొకరు. 1920 ఎన్నికలలో ఆ పక్షము గెలువగా, మంత్రివర్గము నేర్పరుపుమని గవర్నరు వీరినే పిలిచెను. వీరు వలదనిరి, కార్పొరేషను అధ్యక్షపదవియే చాలుననుకొనిరి. ఆ పదవికి ఎన్నికైన మొదటి అనధికారి వీరే.

ఆ 1920లోనే థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషను పాఠశాలలో పేదబిడ్డలకు ఫలాహారము పెట్టుటకు సభవారు తీర్మానించిరి. తలకు దినమునకు అణా, అనగా రూపాయిలో పదునారవ వంతు, మించరాదని నియమము. పిదప మరి నాలుగు పాఠశాలలకు దీనిని విస్తరింపజేసిరి. బడికి వచ్చు పిల్లల సంఖ్య పెరిగెను.

చిక్కు పద్దులో వచ్చినది. ప్రాథమిక విద్యానిధి నుండి తిండికి ఖర్చు వ్రాయరాదని ప్రభుత్వము ఆక్షేపింపగా, 1925 ఏప్రిల్ 1న ఫలాహారము నిలిచిపోయెను. పని మంచిదే, సొమ్మును కలదు. పద్దు మాత్రము కుదరలేదు! మన సంఘములలో లెక్కలు వ్రాయువారికి ఈ బాధ క్రొత్త గాదు.

చెట్టిగారు ఆ సంవత్సరమే గతించిరి. మద్రాసు రాష్ట్రమంతటను బడిభోజనము 1956లో కామరాజుగారి ప్రభుత్వమున మొదలయ్యెను.