సింహాన్ని నిలువరించే కుక్క

రొడీషియన్ రిడ్జ్‌బ్యాక్ ఆఫ్రికా దక్షిణ ప్రాంతానికి చెందిన వేటకుక్క. వెన్ను మీద ఎదురుబొచ్చుతో ఏర్పడిన చార దీని ఆనవాలు. భుజాల వెనక రెండు సుడులతో మొదలయ్యే ఈ చార నడుము దాటేసరికి సన్నబడిపోతుంది. అక్కడి ఖోయ్‌ఖోయ్ పశుపాలకుల కుక్కల నుంచి వచ్చిన వారసత్వం అది. యూరప్ వలసదారుల కుక్కలు వాటితో కలిశాయి. 1870లలో మిషనరీ చార్లెస్ హెల్మ్ ఇలాంటి రెండు కుక్కలను నేటి జింబాబ్వేలోని బులవాయో దగ్గరికి తీసుకెళ్లాడు. కొర్నేలియస్ వాన్ రూయెన్ అనే వేటగాడు వాటిని తన కుక్కలతో జతకట్టించి సింహాల వేటకు తగిన సంతతిని పెంచాడు. జాతి లక్షణాలను 1922లో బులవాయోలోనే ఖరారు చేశారు.

సింహాల వేటకుక్క అనగానే సింహాన్ని చంపే కుక్క అనుకుంటారు. కానీ మగ రిడ్జ్‌బ్యాక్ బరువు దాదాపు 36 కిలోలే. మగ సింహం 150 కిలోలు దాటుతుంది. మీదపడితే కుక్కకు చావే. అందుకే ఇవి సింహం చుట్టూ తిరుగుతూ, మొరుగుతూ, ముందుకు దూకి పంజా అందేలోపు వెనక్కి తప్పుకుంటూ, వేటగాడు తుపాకీతో వచ్చేదాకా దాన్ని కదలనిచ్చేవి కావు. గుడ్డి తెగువ ఉన్న కుక్క ఈ పనికి ఎక్కువకాలం నిలవదు. ఎప్పుడు తగ్గాలో తెలిసిన ధైర్యమే ఈ జాతి అసలు సంపద.

ఇంట్లోనూ ఆ స్వభావమే కనిపిస్తుంది. అయినదానికీ కానిదానికీ మొరగదు. కొత్తవాళ్లను దూరం నుంచే గమనిస్తుంది. అకారణంగా మీదపడటాన్నీ బెదురునూ ఈ జాతిలో లోపాలుగానే చూస్తారు. ఇంటివాళ్లంటే ప్రాణం. యజమాని దూరంగా ఉన్నప్పుడు సొంతంగా నిర్ణయించుకోవాల్సిన పని చేసిన జాతి కాబట్టి చెప్పిన ప్రతి మాటా వినదు. దాన్ని మొండితనమని కొడితే మనసు విరిగిపోతుంది. చిన్నప్పటి నుంచీ ఓపికగా, ఒకే తీరుగా నేర్పాలి. పరుగెత్తే జంతువు కనబడితే వెంటపడటం రక్తంలోనే ఉంది, కాబట్టి ఎత్తయిన ప్రహరీ, రోజూ బాగా పరుగు తప్పనిసరి. ఇరుకు ఫ్లాట్‌లో రోజంతా బంధించి ఉంచడం అన్యాయం.

పేరు తెచ్చిన చారకు ఒక మూల్యం ఉంది. దానికి కారణమైన జన్యు మార్పు తల్లిదండ్రులిద్దరి నుంచీ అందిన పిల్లల్లో డెర్మాయిడ్ సైనస్ అనే పుట్టుక లోపం వచ్చే అవకాశం ఎక్కువని 2007లో తేలింది. చర్మం నుంచి వెన్ను వైపు లోతుగా గొట్టంలాంటి రంధ్రం ఏర్పడి చీము పట్టే ఈ లోపానికి శస్త్రచికిత్సే మార్గం. చార లేకుండా పుట్టిన పిల్లలకు ఈ ముప్పు చాలా తక్కువ. అయినా జాతి లక్షణం లేదన్న నెపంతో అలాంటి ఆరోగ్యవంతమైన పిల్లలను ఒకప్పుడు చంపేసేవారు.