ఊరి రోడ్డు: తారా, సిమెంటా అనే ముందు

ఊరికి రోడ్డు మంజూరైందనగానే తారు రోడ్డా, సిమెంటు రోడ్డా అన్న చర్చ మొదలవుతుంది. దానికన్నా ముందు తేలాల్సినవి మూడు: కింద ఏ మట్టి ఉంది, వాన నీళ్లు ఎటు పోతాయి, ఎంత బరువున్న బండ్లు తిరుగుతాయి. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1958–60 మధ్య జరిగిన భారీ పరీక్షల్లో, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు 16 రెట్లు అవుతుందని తేలింది. అంటే రోజంతా తిరిగే బైకులు, ఆటోలు రోడ్డును చెడగొట్టేది చాలా తక్కువ. కోతల కాలంలో వడ్ల బస్తాలతో వెళ్లే లారీలే అసలు లెక్క. అవి తక్కువైన దారికి ఖరీదైన పైపొర వేయడం అనవసరం.

నల్లరేగడి నేలను చూడండి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా ఏది వేసినా, కాంక్రీటైనా సరే, పగులుతుంది. పై మట్టిలో సున్నం కలిపి తొక్కిస్తే ఆ ఉబ్బు బాగా తగ్గుతుంది. దగ్గరలో మంచి మొరం దొరికితే దాన్ని పొరలుగా పరిచి, తడిపి, రోలింగు చేయాలి. ఖర్చులో పెద్ద వాటా రవాణాదే కాబట్టి, దగ్గరలో దొరికే సరుకే చాలాసార్లు చవక. పొలాల మధ్య దారికి అలాంటి గ్రావెల్ రోడ్డు చాలు. బస్సు తిరిగితే దాని మీద కంకర, పలుచని తారు పొర. ఊరి లోపల మురుగునీరు నిలిచే చోట మాత్రం సిమెంటే సరైనది, ఎందుకంటే నిలవ నీటికి తారు కంకరను వదిలేస్తుంది.

గ్రావెల్ అంటే దుమ్ము కదా అంటారు. నిజమే, అందుకే ఇళ్లు, బడి ఉన్న చోట అది వద్దు. మరమ్మతుకు డబ్బు ఎలాగూ రాదు, ఒకేసారి కాంక్రీటు వేసేస్తే మేలన్న వాదన ఇంతకన్నా బలమైనది. కాంక్రీటు ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ అదే డబ్బుతో తక్కువ దూరమే వేయగలం. మిగతా ఊళ్లు బురదలోనే ఉండిపోతాయి. పైగా మంచినీటి పైపుల కోసం తవ్విన సిమెంటు రోడ్డును మళ్లీ మునుపటిలా అతకడం కష్టం. మరమ్మతు సమస్యకు మందు ఒప్పందంలో ఉంది: ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకైతే, వాటిని వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు నిర్వహణ చూడాలి. మీ ఊరికి అంచనాలు తయారైనప్పుడు మట్టి పరీక్ష చేశారా, పక్క కాలువలు లెక్కలో ఉన్నాయా, నిర్వహణ ఎవరిదని రాశారు అని గ్రామసభలో అడగండి.